కవరు కింది బకిల్

తుక్కయిపోయిన కారులోంచి సీటు కవర్లు విప్పుకు రమ్మని మంగళవారం పొద్దున సొన్నప్పకు ఫోను వచ్చింది.

చేసినవాడు మంజునాథ్. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళను ఇళ్ళ నుంచి ఆఫీసులకూ, ఆఫీసుల నుంచి ఇళ్ళకూ తిప్పే కార్లు ఆయనకు ఇరవై రెండు ఉన్నాయి. అన్నిటికీ సీటు కవర్లు కుట్టింది సొన్నప్పే. వాటిలో ఒకటి పోయిన వారం తెల్లవారుజామున, దేవనహళ్ళికి ఇవతల, రోడ్డు పక్కన ఆగివున్న లారీ వెనక దూరింది. వెనక సీట్లో కూర్చున్న స్టాన్లీ అనే కుర్రాడు పోయాడు.

"కవర్లు కొత్తవప్పా. మొన్న ఉగాదికి వేసినవి. ఇన్సూరెన్సువాళ్ళు బండి ఎత్తుకుపోయేలోగా పీకెయ్. ఇంకొకదానికి పనికొస్తాయి" అన్నాడు మంజునాథ్.

"రక్తం ఉండాదా అన్నా?"

"నీళ్ళు కొడితే పోతుందిలే. రెక్జినే కదా."

సొన్నప్ప సంచిలో కత్తెర, బ్లేడు, పట్టుకారు వేసుకుని కాటన్‌పేట సందులోంచి మోపెడ్ తీశాడు. యాభై ఏడేళ్ళ మనిషి. మోకాళ్ళు రెండూ పోయాయి. రోజంతా కార్ల వెనక సీట్లలో మోకాళ్ళ మీద వంగి పనిచేసేవాళ్ళకు అవే ముందు పోతాయి. యలహంక దాటాక మంజునాథ్ కార్లు నిలబెట్టుకునే ఖాళీ జాగా ఒకటుంది. అక్కడికి చేరేసరికి ఎండ ముదిరింది.

కారు ముందు భాగం గురించి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. బానెట్టు మడత పడి అద్దం మీదకు వచ్చింది. గాలి సంచులు రెండూ పిండేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. డ్రైవరు వెంకటరాయప్ప, పక్కన కూర్చున్న ఇంకొకతనూ ఆ సంచుల వల్లా, బెల్టుల వల్లా బతికారు. వెంకటరాయప్పకు పక్కటెముకలు విరిగాయి, పక్కతనికి మణికట్టు. వెనక వైపు మాత్రం కారు కారులాగే ఉంది. వెనక అద్దం పగల్లేదు. తలుపు మామూలుగా తెరుచుకుంది. అక్కడ కూర్చుని కళ్ళు మూసుకుంటే ఏమీ జరగలేదనే అనుకోవచ్చు. ఎడమవైపు ముందు సీటు వీపు ఒక్కటి ముందుకు ఒరిగిపోయి ఉంది. వెనక నుంచి వచ్చిన మనిషి దానికే కొట్టుకున్నాడు.

సొన్నప్ప మోకాళ్ళు మడిచి వెనక సీటు మీదకు ఎక్కాడు. కొక్కేలు విప్పాడు. వీపుకూ కూర్చునే భాగానికీ మధ్య సందులో చెయ్యి పెట్టినప్పుడు వేళ్ళకు తగిలింది. కుట్టు ఊడి ఉంది. రెండు వేళ్ళు పట్టేంత.

తన కుట్టు దానంతటది ఊడదు. రెండు పోగుల నైలాను దారం. బ్లేడుతో కోసినట్టుగానూ లేదు. దారాలు సాగి సాగి తెగాయి. ఎవరో వేళ్ళతో లాగారు. కవరు ఎత్తి చూశాడు. ఆ సందులో, లోపలికి తోసేసిన చోటనే, బెల్టు బకిల్ ఉంది. షోరూం వాళ్ళు తొడిగిన పాలిథిన్ కూడా ఇంకా దానికే ఉంది.

అది అక్కడ ఉందని ఆయనకు తెలుసు. తోసింది ఆయనే.

సొన్నప్పది దొడ్డబళ్ళాపురం. ఇంట్లో రెండు పవర్ మగ్గాలు ఉండేవి. మగ్గాలు పోయాక బెంగుళూరు వచ్చి ముందు ఆటోల టాపులు కుట్టాడు, తర్వాత బస్సు సీట్లు, తర్వాత కార్లు. జేసీ రోడ్డులో కార్ల అలంకారం చేసే అంగళ్ళ వాళ్ళు కాటన్‌పేటలో ఆయన ఇంటికే గుడ్డ పంపిస్తారు. తొడగడానికి మాత్రం ఆయనే పోవాలి. కొత్త కారు కొన్నవాడు షోరూం నుంచి నేరుగా ఇంటికి పోడు. ముందు జేసీ రోడ్డుకు వచ్చి సీట్లకు కవర్లు వేయించుకుని, అప్పుడు గుడికి తీసుకెళ్ళి పూజ చేయిస్తాడు. నిమ్మకాయలు కొనేసి ఉంటారు, పూలు వాడిపోతుంటాయి, పెళ్ళాం పిల్లలు ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంటారు. రాహుకాలం వచ్చేలోపల బండి కదలాలి.

బకిల్స్ బయటికి రావాలంటే కవరుకు కన్నాలు కొయ్యాలి, కోసిన అంచు పిగలకుండా చుట్టూ పట్టీ వెయ్యాలి. దానికి టైము పడుతుంది. "వెనక బెల్టు ఎవుడు పెట్టుకుంటాడు, లోపలికి తోసెయ్యప్పా" అని మొదట ఎవరన్నారో ఆయనకు గుర్తులేదు. తర్వాత అందరూ అన్నారు. బకిల్స్ లోపలుంటే సీటు నున్నగా ఉంటుంది. ముగ్గురి చోట నలుగురు కూర్చోవచ్చు, తుంటికి ఏమీ గుచ్చుకోదు. అలా ఆయన వీపు ముక్కనూ అడుగు ముక్కనూ కలిపి ఒకటే కవరుగా కుట్టడం మొదలుపెట్టాడు. దానికి సోఫా కుట్టు అని పేరు పడింది. జేసీ రోడ్డులో సోఫా కుట్టు అంటే సొన్నప్పే. మంజునాథ్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది కూడా దానికోసమే.

స్టాన్లీ ఎందుకు చనిపోయాడన్న దానికి ఆ జాగాలో ఎవరి సమాధానం వాళ్ళకుంది. పోలీసులు అతివేగం అని రాసుకున్నారు. అదీ నిజమే, పగలు గంటన్నర పట్టే దారి ఆ వేళప్పుడు ఖాళీగా కనిపిస్తే ఎవరి కాలైనా కిందికే పోతుంది. మంజునాథ్ లారీవాణ్ణి తిట్టాడు. లారీకి వెనక లైట్లు లేవు, మెరిసే పట్టీ బురదలో కప్పుకుపోయి ఉంది. డ్రైవర్లు మాత్రం తమలో తాము నిద్ర అనుకున్నారు. వెంకటరాయప్ప పగటి షిఫ్టు చేసి, రావలసిన మనిషి రాకపోతే రాత్రిది కూడా ఎత్తుకున్నాడు. ఎదురుగా వచ్చిన బస్సు హైబీమ్ వేసుకుని కళ్ళలో కొట్టిందని వెంకటరాయప్ప ఆసుపత్రిలో చెప్పాడు. పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. వేగమూ, లారీ, నిద్ర, లైట్లూ అన్నీ ఉన్నవే. అన్నీ కలిసే కారును తీసుకెళ్ళి లారీలో దూర్చాయి. కానీ కారులో ముగ్గురు ఉన్నారు, ఇద్దరు బతికారు. ఆ తేడా ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

సొన్నప్ప కవర్లు చుట్టి మోపెడ్‌కు కట్టుకుని ఇల్లు చేరాడు.

కూతురు స్పందన నిద్రపోతోంది. అమెరికా ఆసుపత్రుల బిల్లులు సరిచూసే కంపెనీలో ఆమెకు పని. సాయంత్రం వెళ్ళి తెల్లవారుజామున వస్తుంది. పగలు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు, కుక్కరు కూడా తలుపు మూసి పెడతారు. ఆమెను తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ మంజునాథ్ కార్లే. ఆ ఉద్యోగం వచ్చినప్పుడు, "మనకు తెలిసినోళ్ళ బండ్లే, భయం లేదు" అని భార్య సరోజమ్మకు సొన్నప్పే ధైర్యం చెప్పాడు.

మూడింటికి స్పందన లేచి, కళ్ళు సగం తెరిచి కాఫీ గ్లాసు పట్టుకుంది.

"అమ్మాడీ, కారులో బెల్టు పెట్టుకుంటా ఉండావా?"

"ఏం నాయనా, ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం వచ్చిందా?"

"అడిగినదానికి చెప్పు."

"పెట్టుకుందామంటే లాక్ యాడుండాది? బెల్టు లాగుతాం, కింద వెతుకుతాం, దొరకదు. కొత్తగా చేరినోళ్ళు రెండు రోజులు వెతుకుతారు. తర్వాత వాళ్ళూ తలుపుకు ఆనుకుని నిద్రపోతారు."

"ముందు సీట్లో కూర్చోకూడదా?"

"ముందు సెక్యూరిటీ ఆయన కూర్చుంటాడు కదా నాయనా. రాత్రిపూట ఆడోళ్ళు ఉండే బండికి ఆయన ఉండాల్సిందే, రూలు. మమ్మల్ని కాపాడే ఆయనకు బెల్టు ఉండాది, మాకు లేదు" అని నవ్వింది. తండ్రి నవ్వకపోవడం చూసి గ్లాసు కింద పెట్టింది. "ఏమైంది?"

"ఏం లేదు. ఆ లాక్‌లు నేనే లోపల పెట్టినాను."

స్పందన "అయితే బయటికి తియ్యి" అని స్నానానికి లేచింది.

సరోజమ్మ వంటింట్లోంచి అంతా విన్నది. "మంజన్న దగ్గర నోరు తెరిచి చెప్తావా, లేదంటే అన్నిటికీ తలూపినట్టే ఊపి వస్తావా?" అంది.

మరుసటి రోజు మంజునాథ్ ఆఫీసులో సొన్నప్ప చెప్పాడు. కుట్టు ఊడిన కవరు తెచ్చి బల్ల మీద పరిచాడు. అన్ని కార్లకూ కన్నాలు కోసిస్తానన్నాడు. కూలి వద్దన్నాడు.

మంజునాథ్ చెడ్డవాడు కాదు. స్టాన్లీ మట్టికి వెళ్ళాడు, శవపేటిక ఖర్చు ఇచ్చాడు. ఊడిన చోటు వేలితో తడిమి చూశాడు. తర్వాత లేచి తలుపు మూశాడు.

"ఇది ఎవరికన్నా చూపించినావా?"

"లేదన్నా."

"లాయరు ఏమన్నాడు తెలుసా? కేసు అయ్యేదాకా బండ్లలో ఏమీ మార్చొద్దు అన్నాడు. ఇప్పుడు ఇరవై ఒక్క బండ్లకూ కన్నాలు కోస్తే, ముందే ఎందుకు కొయ్యలేదు అంటారు. తెలిసే దాచినారు అంటారు. అర్థమవుతా ఉండాదా?"

"నా బిడ్డ అవే బండ్లలో పోతాది అన్నా."

"నా తమ్ముడి కూతురు కూడా పోతాది. నాకు భయం లేదా?" మంజునాథ్ గొంతు పెరిగి, మళ్ళీ తగ్గింది. "కేసు కానీ. అయినాక చూద్దాం."

"కేసు ఎన్నాళ్ళకు అవుతాది?"

మంజునాథ్ చిరిగిన కవరు వెనక్కి తోశాడు. "ఇది కుట్టి ఇంకో బండికి వేసెయ్. పారెయ్యొద్దు."

ఆ రాత్రి సొన్నప్ప ఆ కవరు ముందేసుకుని కూర్చున్నాడు. చిరిగినది అతికిస్తే అతుకు కనిపిస్తుంది. చిరుగును కన్నంగా మార్చి చుట్టూ పట్టీ వేస్తే అసలు అలాగే కుట్టినట్టు ఉంటుంది. కుట్టుపనిలో ఎవరైనా చేసేది అదే. చేశాడు. మరుసటి రోజు దాన్ని వేరే కారుకు తొడిగి, బకిల్ పైకి లాగి, పాలిథిన్ ఊడబెరికాడు. మంజునాథ్ చూశాడు, చిరుగే కదా అనుకుని పోయాడు.

అక్కడి నుంచే సొన్నప్పకు దారి దొరికింది. ప్రతి కారులోనూ ఎక్కడో ఒకచోట చిరుగు ఉంటుంది. లేకపోతే చిన్నది చెయ్యొచ్చు.

రాత్రి షిఫ్టు బండ్లు పొద్దున తొమ్మిదికల్లా ఆ ఖాళీ జాగాకు చేరతాయి. డ్రైవర్లు నీళ్ళు కొట్టి, తుడిచి, అదే కారులో సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటారు. మళ్ళీ సాయంత్రం బండి కదలాలి. ఇల్లు దూరమున్నవాళ్ళు వారానికోసారి పోతారు. ఎండకు కార్లు కాలిపోతుంటాయి, అద్దాలకు లుంగీలు కట్టుకుంటారు. అయిదు గంటల నిద్ర అంటారు కానీ దాంట్లో ఫోన్లు, దోమలు, టీ అన్నీ ఉంటాయి. సొన్నప్ప అక్కడికి రోజూ పోయి, నిద్రపోయే మనుషులను లేపకుండా వెనక తలుపు తెరుచుకుని పనిచేశాడు.

అంజి అనే డ్రైవరు ఒకడు లేచి చూశాడు. హిందూపురం దగ్గరివాడు. నోరు ఊరుకోదు.

"ఏమప్పా సొన్నప్పా, సీటుకు చెవులు కుట్టిస్తా ఉండావా?"

"నువ్వు పండుకోరా."

"పండుకుంటే నువ్వు ఊపుతా ఉండావు, కలలో భూకంపం వస్తా ఉండాది." దగ్గరికొచ్చి తొంగి చూశాడు. బకిల్ బయటికి వచ్చి ఉంది. అంజి నవ్వు ఆపాడు. "దీన్ని తీస్తే రేపు నలుగుర్ని ఎట్ల కూర్చోబెట్టేది?"

"ముగ్గుర్ని కూర్చోబెట్టు."

"ఆ మాట మంజన్నకు చెప్పు, నాకు కాదు." గొంతు తగ్గించి అడిగాడు. "స్టాన్లీ పోయింది ఈ లాక్ లేకనా? ఇదంతా దానికోసమేనా?"

సొన్నప్ప దారం కొరికాడు.

"ఆ పొద్దు వెంకటరాయప్పకు నేను ఫోన్ చేసినానప్పా. రెండో షిఫ్టు ఎత్తుకోవద్దు అని. ఆయన, సుమ్నే ఉండప్పా, ఊరుకో, ఒక టీ తాగితే సరిపోతాది అన్నాడు. మేమందరం అదే అంటాం. నేనూ అంటాను." అంజి వెళ్ళి తన కారు వెనక తలుపు తెరిచి పెట్టి వచ్చాడు. "అయిపోయినాక నాది కూడా చెయ్. ఎవుడన్నా అడిగితే నేను నిద్రపోతా ఉన్నాను, నాకు తెలీదు."

అందరూ అంజిలా లేరు. ఒకడు కవరు ముట్టనివ్వలేదు. ఒకడు కన్నం చూసి, పాడు చేశావని బూతులు తిట్టి, బకిల్‌ను మళ్ళీ లోపలికి తోసేశాడు. సొన్నప్ప మరుసటి రోజు పోయి దాన్ని బయటికి తీశాడు. వాడు మళ్ళీ తోశాడు. మూడో రోజు సొన్నప్ప మళ్ళీ తీశాక వాడికి ఓపిక పోయింది; బకిల్ బయటే ఉండిపోయింది.

కోసింది తొమ్మిది కార్లు. పదోది కోస్తుండగా మంజునాథ్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"నా బండ్లకు నువ్వు సాక్ష్యం కుడతా ఉండావా సొన్నప్పా?"

సొన్నప్ప మోకాళ్ళ మీద నుంచి లేవడానికి ముందు సీటు పట్టుకోవలసి వచ్చింది. "కోర్టులో అడిగితే నేనే తోసినాను, నేనే తీసినాను అని చెప్తాను అన్నా. నీ పేరు చెప్పను."

"నీ పేరు ఎవడిక్కావాలప్పా? నీ దగ్గర ఏముండాదని నిన్ను అడుగుతారు? బండి ఎవరిదో వాడినే అడుగుతారు." మంజునాథ్ కూడా అలిసిపోయి ఉన్నాడు. మూడు రాత్రులుగా డ్రైవర్లు చాలక తనే ఒక కారు నడుపుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సంచి సర్దుకో. రేపటి నుంచి ఈ పక్కకు రావద్దు. చేసినవి చేసినావు, వాటిని నేను మళ్ళీ కుట్టించను. అంతకంటే నన్ను అడగొద్దు."

సొన్నప్ప పదో కారులో అప్పటికే కోసేసిన కన్నం వైపు చూశాడు. పట్టీ వెయ్యలేదు. అలా వదిలేస్తే నాలుగు రోజుల్లో అడుగుదాకా చీలుతుంది. "ఇది ముగించి పోతాను" అన్నాడు.

"వద్దు."

సంచి సర్దుకున్నాడు.

ఇంటికి వచ్చి చెబితే సరోజమ్మ, "తలూపకుండా వచ్చినావు కదా, కూర్చో, తిను" అంది. స్పందన ఉద్యోగం మానాలా అన్న మాట ఆ రాత్రి ఒకసారి వచ్చింది. వేరే కంపెనీలో చేరితే వేరేవాళ్ళ కార్లు వస్తాయి. వాటి కవర్లు ఎవరు కుట్టారో, ఎలా కుట్టారో సొన్నప్పకు తెలుసు. జేసీ రోడ్డులో ఇప్పుడు అందరూ సోఫా కుట్టే వేస్తారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే ముగ్గురో నలుగురో అంగళ్ళు పెట్టుకున్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

బకిల్ లేని బండి వస్తే ఎక్కొద్దు అని ఆయన అంటే, స్పందన, "ఎక్కకపోతే ఇంకో బండికి గంట కూర్చోవాల, నాయనా. ఆ టైముకు కుర్చీలో కూర్చోవడానికి కూడా ఎవరికీ ఓపిక ఉండదు" అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు కారు ఎక్కగానే ఆమె సందులో చెయ్యి పెట్టి చూసి, ఫోన్లో ఒక మాట పంపుతుంది. 'ఉంది' అనో, 'లేదు' అనో. 'ఉంది' అని వస్తే సొన్నప్ప ఫోను బోర్లా పెట్టి మళ్ళీ పడుకుంటాడు. 'లేదు' అని వస్తే లేచి కుట్టు మిషను దగ్గర లైటు వేసుకుంటాడు. పనేమీ ఉండదు. కూతురు మెట్లెక్కేదాకా కూర్చుంటాడు.

జేసీ రోడ్డు అంగళ్ళ పని ఆయనకు ఇంకా వస్తోంది, ఇదివరకటి కంటే తక్కువ. ఇప్పుడు కన్నం లేకుండా కవరు తొడగనంటాడు. పూజకు ఆలస్యమవుతుందని సగం మంది వేరేవాళ్ళ దగ్గరికి పోతారు. మంజునాథ్ ఈ మధ్య మూడు కొత్త కార్లు కొన్నాడు. కవర్లు ఇంకొకరు కుట్టారు, సోఫా కుట్టు. కేసు రెండుసార్లు వాయిదా పడింది.

పోయిన నెల స్పందన ఇరవై ఒక్క రాత్రులు పనికి వెళ్ళింది. ఎనిమిది రాత్రులు 'ఉంది' అని వచ్చింది. పదమూడు రాత్రులు 'లేదు' అని వచ్చింది.